నవ్వుకు మత్తు చెప్పే అర్థం

సూరత్‌లోని పాండేసర జీఐడీసీ పారిశ్రామిక వాడలో బట్టలకు రంగులద్దే మిల్లుల పక్కన పెరిగిన తెలుగు పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. వాళ్ళ తాతలు, తండ్రులు చాలామంది తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సూరత్ చేరినవాళ్ళు. ఉధనా, లింబాయత్, పాండేసర బస్తీల్లో స్థిరపడి, పిల్లల్ని నగరపాలక సంస్థ నడిపే తెలుగు మీడియం బడుల్లో వేశారు. తర్వాతి తరం వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం కింది కాలేజీల్లో కామర్సో కంప్యూటర్లో చదువుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, క్లాసులో గుజరాతీ మాట్లాడుతూ మూడు భాషల్లో మనుషుల్ని అర్థం చేసుకోవడం నేర్చుకున్న పిల్లలు వీళ్ళు.

మద్యం విషయంలో మాత్రం వీళ్ళ పరిస్థితి వేరు. గుజరాత్ రాష్ట్రం 1960లో ఏర్పడిన నాటి నుంచీ అక్కడ మద్యనిషేధం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో మద్యం తాగుతామని చెప్పినవాళ్ళు గుజరాత్‌లో 6 శాతం లోపే. సెలవులకు వెళ్ళే సొంత రాష్ట్రం తెలంగాణలో అది 43 శాతం. నిషేధం ఉన్నచోట తాగేవాడు సర్వేకి వచ్చినవాళ్ళతో నిజం చెప్పడు కాబట్టి గుజరాత్‌లో అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉంటుందనుకోవాలి. చాటుగా అమ్మే సారా అక్కడ 2009లో అహ్మదాబాద్‌లో వంద మందికి పైగా, 2022లో బోటాద్ ప్రాంతంలో నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. అయినా సూరత్‌లో కాలేజీకి వెళ్ళే కుర్రాడికి కళ్ళెదుట బారు ఉండదు, వైన్ షాపు ఉండదు. మద్యం గురించి అతను నేర్చుకునేదంతా ఊళ్ళో పెళ్ళి దావత్‌లలోనూ, సినిమాల్లోనూ, నిషేధం లేని దమణ్‌కు వెళ్ళొచ్చిన సీనియర్ల కబుర్లలోనూ. అంటే మొదటి గుక్క గొంతు దిగకముందే, తాగితే ఏమవుతుందన్న కథ తలలో తయారై ఉంటుంది.

ఆ కథ మనందరికీ తెలిసిందే. తాగితే మగాడికి ధైర్యం వస్తుంది. తాగిన ఆడపిల్ల దేనికైనా సిద్ధమే. మత్తులో జరిగింది లెక్కలోకి రాదు. ఇందులో ప్రతి మాటనూ మనస్తత్వ శాస్త్రవేత్తలు గత యాభై ఏళ్ళలో ప్రయోగశాలలో పరీక్షించి చూశారు. కాలేజీ పిల్లల మధ్య స్నేహం ఎక్కడ అపార్థంగా, అపార్థం ఎక్కడ అఘాయిత్యంగా మారుతుందో తెలియాలంటే ఆ పరీక్షలు తెలియాలి.

గ్లాసులో ఉన్నదాని ప్రభావాన్నీ తలలో ఉన్నదాని ప్రభావాన్నీ విడదీయడం ఎలా? 1973లో అలన్ మార్లట్ బృందం దీనికి మంచి ఉపాయం కనిపెట్టింది. ఒక పాలు వోడ్కాకు ఐదు పాళ్ళు టానిక్ నీళ్ళు కలిపితే అందులో మద్యం ఉందో లేదో నాలుక చెప్పలేదు. దాని ఆధారంగా మనుషుల్ని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మద్యమని చెప్పి మద్యమే ఇచ్చారు. మరో గుంపుకు మద్యమని చెప్పి ఉత్త టానిక్ ఇచ్చారు. మూడో గుంపుకు టానిక్ అని చెప్పి మద్యం కలిపి ఇచ్చారు. నాలుగో గుంపుకు చెప్పిందీ టానికే, ఇచ్చిందీ టానికే. ‘రుచి చూసి మార్కులు వేయండి, ఎంత కావాలంటే అంత తాగండి’ అన్నారు. మద్యానికి బానిసలైనవాళ్ళు సైతం, గ్లాసులో మద్యం ఉందని నమ్మినప్పుడే ఎక్కువ తాగారు. నిజంగా ఏముందన్నది పెద్ద తేడా చూపలేదు.

మూడేళ్ళకు, 1976లో, టెరెన్స్ విల్సన్, డేవిడ్ లాసన్ ఇదే పద్ధతిని కాలేజీ యువకుల మీద శృంగార చిత్రాలతో వాడారు. వాళ్ళను ప్రశ్నలు అడిగి ఊరుకోకుండా శరీర స్పందనను పరికరంతో కొలిచారు. మద్యం తాగామని నమ్మినవాళ్ళలో స్పందన ఎక్కువగా కనిపించింది. వాళ్ళలో ఉత్త టానిక్ తాగినవాళ్ళూ ఉన్నారు. రసాయనంగా చూస్తే మద్యం చేసేది దీనికి ఎదురు. మోతాదు పెరిగే కొద్దీ అది నరాల పనిని మందగింపజేసి లైంగిక స్పందనను తగ్గిస్తుంది. కోరిక రేగింది వోడ్కాతో కాదు, వోడ్కా గురించి విన్న కథతో. మద్యనిషేధం సీసాను ఆపగలదు, ఆ కథను ఆపలేదు. పాండేసర కుర్రాడి దగ్గరికి అది సినిమా హాలు దారిన, ఫోను దారిన ఎప్పుడో చేరిపోయింది.

ఇక అపార్థం సంగతి. దీని మీద తొలి ముఖ్యమైన పరిశోధన ఒక బల్ల దగ్గర మొదలైంది. ఆంటోనియా ఆబీ అనే అమెరికన్ పరిశోధకురాలు స్నేహితురాళ్ళతో కలిసి క్యాంపస్ బారుకు వెళ్ళింది. రద్దీగా ఉండటంతో ముక్కూ మొహం తెలియని ఇద్దరు మగవాళ్ళతో బల్ల పంచుకున్నారు. పాటల మధ్య విరామంలో మర్యాదకు నాలుగు మాటలు మాట్లాడారు. ఆ నాలుగు మాటల్నీ అవతలివాళ్ళు వేరేగా తీసుకున్నారని కాసేపటికే తెలిసిపోయి, ఏదో సాకు చెప్పి లేచి వచ్చేయాల్సి వచ్చింది. ఇలాంటిది ఎదురైన ఆడవాళ్ళు కోట్లలో ఉంటారు. ఆబీ దాన్ని ప్రయోగంగా మార్చింది.

నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆమె ఒకరికొకరు తెలియని నలుగురేసి విద్యార్థుల్ని పిలిచింది. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. అందులో ఒక జంట గదిలో కూర్చుని ఆ ఏడాది తమ చదువు ఎలా సాగిందో ఐదు నిమిషాలు మాట్లాడుకోవాలి. రెండో జంట ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నిలబడి చూడాలి. తర్వాత అందరూ విడివిడిగా మార్కులు వేయాలి. 1982లో ఫలితాలు అచ్చయ్యాయి. గదిలో ఉన్న అబ్బాయీ, అద్దం వెనకున్న అబ్బాయీ ఆ అమ్మాయి ప్రవర్తనలో కవ్వింపు ఎక్కువ చూశారు. అదే సంభాషణను చూసిన అమ్మాయిలకు అందులో కనిపించింది స్నేహం. బారు లేదు, బీరు లేదు. మాట్లాడుకున్నది చదువు గురించి.

చాలాకాలం దీన్ని ‘మగవాళ్ళు ఎక్కువ ఊహించుకుంటారు’ అని సరిపెట్టుకున్నారు. 2008లో కోరీన్ ఫ్యారిస్ బృందం ఇండియానా విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఆడవాళ్ళ ఫోటోలు చూపించి, ఈమెలో కనిపిస్తున్నది స్నేహమా, ఆకర్షణా, విచారమా, తిరస్కారమా అని అడిగింది. స్నేహాన్ని ఆకర్షణగా పొరబడటంలో అబ్బాయిలు ముందున్నారు, ఇది అనుకున్నదే. ఆకర్షణను స్నేహంగా పొరబడటంలోనూ వాళ్ళే ముందున్నారు, ఇది మాత్రం ఎవరూ అనుకోనిది. అంటే సమస్య కోరిక ఎక్కువ కావడం కన్నా, తేడా కనిపెట్టే చూపు తక్కువ కావడం. అయితే సగటు తేడా చిన్నదే. చక్కగా గ్రహించే అబ్బాయిలు ఎంతోమంది ఉన్నారు. పొరబడే అమ్మాయిలూ ఉన్నారు. ఆ చూపు పుట్టుకతోనే తక్కువైతే చేసేదేమీ లేదు, చూపు సాధన లేక తగ్గితే సాధన చేయవచ్చు. మన కాలేజీల్లో చాలాచోట్ల అబ్బాయిల బెంచీలు ఒకవైపు, అమ్మాయిల బెంచీలు మరోవైపు. మూడేళ్ళ డిగ్రీలో ఒక అమ్మాయితో పాఠం గురించో క్రికెట్ గురించో తీరిగ్గా పది నిమిషాలు మాట్లాడని అబ్బాయికి ఈ సాధన ఎక్కడ దొరుకుతుంది? అమ్మాయి పలకరిస్తేనే వార్త అయ్యే చోట పలకరింపుకు లేని అర్థాలు పుట్టుకొస్తాయి. వేరుగా కూర్చోబెట్టడం ఆడపిల్లలకు రక్షణ అనుకుంటున్నాం. ఈ విషయంలో అది నష్టమే చేస్తోందని నా నమ్మకం.

ఇప్పుడు ఇందులో మద్యం పోసి చూద్దాం.

ఆఖరి సంవత్సరం పరీక్షలయ్యాక ఏడెనిమిది మంది క్లాస్‌మేట్లు సూరత్ నుంచి దమణ్ వెళ్ళారనుకుందాం. దేవకా తీరంలో హోటల్ మిద్దె, ప్లాస్టిక్ కుర్చీలు, రాత్రి పదకొండు. వాళ్ళలో ఒక అబ్బాయి మూడు బీర్లు తాగాడు, పక్కనున్న అమ్మాయి ఒకటి. అతను చెప్పిన జోకుకు ఆమె నవ్వింది. “అందరూ పడుకున్నాక కిందికి, సముద్రం దగ్గరికి వెళ్దామా?” అన్నాడు. ఆమె వెంటనే జవాబివ్వలేదు. “ఏమో... చూద్దాంలే. పొద్దున్నే బయల్దేరాలి కదా,” అని మళ్ళీ నవ్వింది. గ్లాసు కింద పెట్టి ఫోను చేతిలోకి తీసుకుంది. కుర్చీని జానెడు వెనక్కి జరుపుకుంది. మెట్ల వైపు తిరిగి స్నేహితురాలి కోసం చూసింది. “నాకు నిద్రొస్తోంది,” అంది. అతనికి వినపడింది: గదికి వెళ్దాం.

ఆ ఒక్క నిమిషంలో ఆమె ఐదారు సార్లు ‘వద్దు’ అని చెప్పింది. జవాబు ఆలస్యం కావడం, ‘చూద్దాంలే’ అనడం, కారణం చూపడం, కుర్చీ జరపడం, స్నేహితురాలి కోసం వెతకడం. అతని మెదడు అవన్నీ వదిలేసి నవ్వును పట్టుకుంది.

ఎందుకలా అన్నదానికి 1990లో క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ రాసిన వివరణ ఇప్పటికీ నిలబడింది. మద్యం మనిషి ధ్యాసను ఇరుకు చేస్తుందన్నారు వాళ్ళు. దగ్గరి చూపు మాత్రమే ఉన్నవాడికి ఎదురుగా పెద్దగా ఉన్నది కనిపించి, వెనకున్నది మసకబారినట్టే, మత్తులో ఉన్నవాడికి కొట్టొచ్చినట్టు కనిపించే సంకేతం అందుతుంది, సన్నటి సంకేతాలు జారిపోతాయి. నవ్వు, పక్కనే కూర్చోవడం, చేతిలో గ్లాసు పెద్ద సంకేతాలు. ఆలస్యమైన జవాబు, జరిగిన కుర్చీ చిన్నవి. రేపు ఏమవుతుందన్న ఆలోచన ఇంకా చిన్నది. పైగా ఏది పెద్దదో నిర్ణయించేది అతను ముందే మోసుకొచ్చిన ఆశ. ఆబీ బృందమే 2000లో అచ్చువేసిన మరో ప్రయోగంలో, పరిచయం లేని ఆడా మగా జంటల్ని కూర్చోబెట్టి కొందరికి మద్యం ఇచ్చి మాట్లాడించింది. తాగినవాళ్ళు, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, అవతలి వ్యక్తిలో లైంగిక ఆసక్తిని ఎక్కువగా చూశారు. 2010లో ఫ్యారిస్ బృందం మద్యం ఇచ్చి చూసినప్పుడు స్నేహాన్నీ ఆకర్షణనూ విడదీసే శక్తి అబ్బాయిల్లో ఇంకా తగ్గింది.

ఆమె చేతిలో గ్లాసు ఉండటమే ఒక నేరమవుతుంది. విలియం జార్జ్ బృందం 1988లో విద్యార్థులకు ఒక జంట కలుసుకున్న దృశ్యం చదివించింది. అన్నీ అవే. ఒకదాంట్లో అమ్మాయి మద్యం తాగింది, ఇంకోదాంట్లో కోలా తాగింది. మద్యం తాగిన అమ్మాయి ‘సిద్ధంగా ఉంది’ అనే చదివినవాళ్ళకు అనిపించింది. మన దగ్గర దీనికి ప్రయోగం కూడా అక్కర్లేదు. అమ్మాయి బీరు గ్లాసుతో దిగిన ఫోటో ఒకటి గ్రూపులో పడితే ఆమె గురించి ఏమేం రాస్తారో కాలేజీ పిల్లలందరికీ తెలుసు.

ఇక్కడిదాకా చదివినవాడు, ‘పాపం, కుర్రాడికి అర్థం కాలేదు’ అని తేల్చేసే ప్రమాదం ఉంది. దానికి అడ్డుపడే పరిశోధన ఒకటుంది, నా దృష్టిలో ఈ అధ్యాయానికి అదే ప్రాణం. 1999లో బ్రిటన్‌కు చెందిన సీలియా కిట్జింగర్, హానా ఫ్రిత్ ఒక సాదా ప్రశ్న వేశారు: రోజువారీ జీవితంలో మనుషులు ఎలా కాదంటారు? పెళ్ళికి పిలిచినా, టీకి పిలిచినా, సాయం అడిగినా, ‘కాదు’ అని మొహం మీద చెప్పేవాళ్ళు దాదాపు ఉండరు. కాసేపు ఆగుతారు, ‘అబ్బా, రావాలనే ఉంది కానీ’ అంటారు, ఓ కారణం చెబుతారు. ఇది విన్నవాడికి కాదన్నట్టు తెలిసిపోతుంది. తర్వాత ఆస్ట్రేలియాలో మగ విద్యార్థుల్ని కూర్చోబెట్టి మాట్లాడించిన పరిశోధకులు, ఆడవాళ్ళు నోరు తెరిచి ‘వద్దు’ అనకపోయినా అది తిరస్కారమేనని ఆ కుర్రాళ్ళు చక్కగా గుర్తుపట్టగలరని 2006లో చూపించారు.

తెలుగువాడికి ఇది వేరే చెప్పాలా? మిల్లు సేటును అడ్వాన్సు అడిగితే ‘చూద్దాం’ అంటాడు. ఇవ్వడని పాండేసరలో పదేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు. సంబంధం చూసి వెళ్ళిన పెళ్ళివారు ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అంటే అది ఏ కబురో తెలియనివాళ్ళు లేరు. డబ్బు దగ్గర, పెళ్ళి దగ్గర, ఉద్యోగం దగ్గర ఇంత సన్నటి ‘కాదు’ను ఇట్టే పట్టుకునే మనిషి, మిద్దె మీద అమ్మాయి అన్న ‘చూద్దాంలే’ దగ్గర మాత్రం ఒక్కసారిగా అమాయకుడైపోతే నేను నమ్మను. మత్తు చూపును ఇరుకు చేస్తుంది, నిజమే. కానీ ఆ ఇరుకు చూపును ఎటు తిప్పాలో ముందే నిశ్చయించుకున్నది అతనే. కొందరి విషయంలో అపార్థమే లేదు. అవతలివాళ్ళు తాగేదాకా ఓపికగా గ్లాసు నింపేవాడు దేన్నీ తప్పుగా అర్థం చేసుకోవడం లేదు. అతని గురించి మాట్లాడాల్సింది పోలీస్ స్టేషన్‌లో.

మత్తు మనిషి చేత ఏదైనా చేయిస్తుందన్న నమ్మకం కూడా నిలవదు. 1969లో మెక్ఆండ్రూ, ఎడ్గర్టన్ ప్రపంచంలోని రకరకాల జాతుల తాగుడు అలవాట్లను పోల్చి చూశారు. ఒకచోట తాగినవాళ్ళు కొట్లాడుకుంటారు, మరోచోట అంతే తాగి నిశ్శబ్దంగా కూర్చుంటారు. రసాయనం ఒకటే. తాగినవాడు ఏం చేస్తే సమాజం క్షమిస్తుందో దాన్నే తాగినవాడు చేస్తాడని వాళ్ళు తేల్చారు. మనం ఏం క్షమిస్తున్నాం? 1982లో రిచర్డ్‌సన్, క్యాంప్‌బెల్ విద్యార్థుల చేత ఒక అత్యాచార ఘటన చదివించారు. మగవాడు తాగి ఉన్నాడంటే అతని తప్పు తగ్గించి చూశారు. ఆమె తాగి ఉందంటే ఆమె తప్పు పెంచి చూశారు. ఒకే సీసా అతనికి సాకు, ఆమెకు నింద. ‘తాగి ఉన్నాడు, పోనీలే’ అనే మాట మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినపడుతుందో, ఎవరి గురించి వినపడుతుందో ఎవరికి వాళ్ళు గుర్తుచేసుకోవచ్చు.

ఇంకో ప్రమాదం తాగే పిల్లలందరికీ తెలిసి తీరాలి. రక్తంలో మద్యం త్వరగా పెరిగితే మెదడులో జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్ పని ఆగిపోతుంది. అప్పుడూ మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు, తలూపుతాడు. తెల్లారాక అందులో ఏదీ గుర్తుండదు. చూసేవాళ్ళకు ఆ మనిషి స్పృహలో ఉన్నట్టే కనిపిస్తుంది. శరీరంలో నీటి పాలు తక్కువ కాబట్టి అదే బరువున్న మగవాడితో సమానంగా తాగిన స్త్రీ రక్తంలో మద్యం ఎక్కువ చేరుతుంది. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ళ స్నానం ఏవీ దాన్ని దించవు. కాలేయం గంటకు కొంచెం చొప్పున తన వేగంతో తాను దించాల్సిందే. కాబట్టి బాగా తాగి ఉన్న మనిషి ‘సరే’ అన్నా దాన్ని ‘సరే’ కింద లెక్క వేయకూడదు.

చట్టం ఈ సంగతి చెప్పి చాలాకాలమైంది. 2013 సవరణ తర్వాత భారత శిక్షాస్మృతి, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్, సమ్మతి అంటే సందేహానికి తావులేని, స్వచ్ఛందమైన అంగీకారం అంటున్నాయి. అది మాటతో కావచ్చు, సైగతో కావచ్చు. ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకుందని అనుకోవడానికి వీల్లేదని అక్కడే రాసి ఉంది. ఏం జరుగుతోందో, దాని పర్యవసానం ఏమిటో తెలియనంత మత్తులో ఉన్నప్పుడు ఇచ్చిన సమ్మతి, సమ్మతే కాదు. తనంతట తాను తాగినవాడికి మత్తు మాఫీ ఇవ్వదు. ఇంత స్పష్టంగా ఉన్నా, 2017లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో నిందితుణ్ణి విడుదల చేస్తూ, బలహీనంగా అన్న ‘వద్దు’ ఒక్కోసారి అంగీకారం కావచ్చన్న అర్థం వచ్చేలా రాసింది. ఆ కేసులో నేరం రుజువైందా లేదా అన్నది వేరే చర్చ. ఆ వాక్యం మాత్రం పైన చెప్పిన పరిశోధనలన్నిటికీ విరుద్ధం. ‘వద్దు’ బలహీనంగా వినపడితే, గట్టిగా వినపడేదాకా ముందుకెళ్ళడం కాదు చేయాల్సింది. ఆగి అడగడం. ‘నీకిష్టమేనా? లేదంటే పర్లేదు, పద, నీ ఫ్రెండ్ దగ్గరికి వెళ్దాం’ అని మిద్దె మీద అతను అడగడానికి ఐదు సెకన్లు చాలు. జవాబు తటపటాయిస్తే అదే జవాబు.

దమణ్‌కో గోవాకో వెళ్ళే పిల్లలూ, హాస్టల్ గదిలో మొదటి సీసా తెరిచే పిల్లలూ ఒక్కటి ముందే ఒప్పుకుని వెళ్ళండి: మనతో వచ్చినవాళ్ళలో ఎవరు అదుపు తప్పేలా తాగినా, వాళ్ళను ఒంటరిగా ఇంకొకరితో పంపకూడదు. స్నేహితుడు హద్దు దాటుతుంటే ‘వాళ్ళిద్దరి గొడవ మనకెందుకు’ అని తలుపు వేసుకోకండి, వెళ్ళి పిలవండి. జరగకూడనిది జరిగిపోతే, తాగిన సంగతి బయటపడుతుందని దాచుకోవద్దు. తాగి ఉన్నారన్న కారణంతో పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోవడం కుదరదు. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలోనూ విద్యార్థినుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. గుజరాత్‌లో ‘అభయం’ పేరుతో నడిచే మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే నంబరు.